పసుప్పచ్చ తాండ్ర కోసం నాచారం వెళ్ళొచ్చాను

మామిడి తాండ్ర నల్లగా ఉండాలా, పసుప్పచ్చగా ఉండాలా అన్న తగువు తేల్చుకోవడానికి ఎవరైనా హైదరాబాదు దాకా వెళ్తారా అని మా ఊళ్ళో నవ్వారు. నేను వెళ్ళాను. చార్మినారు చూడలేదు, గోలకొండ చూడలేదు. చూసిందల్లా ఉప్పల్, చిల్కానగర్, బోడుప్పల్, నాచారం. వచ్చిన దగ్గర్నుంచీ అడిగినవాళ్ళకల్లా మొదట్నుంచీ చెప్పలేక నోరు నొప్పెట్టి, ఇలా రాసి పడేస్తున్నాను.

మాది గోదావరి ఒడ్డు. వేసవి వచ్చిందంటే మా దొడ్డి నిండా తాటాకు చాపలే. మామిడి రసం తీసి, పీచు వడగట్టి, బెల్లం కలిపి చాప మీద పల్చగా పూస్తాం. అది ఎండాక మర్నాడు దాని మీద ఇంకో పూత. పూత మీద పూత పడి తగినంత మందమయ్యాక కోసి పొట్లాలు కడతాం. మా అత్తగారు నేర్పిన పని ఇది. ఆవిడ పోయాక పెత్తనం నాకొచ్చింది. ఊళ్ళో కొందరు ఆడవాళ్ళు నాతో పాటు చేస్తారు, వాళ్ళకి వేసవి కూలి దీని మీదే.

చిక్కంతా రంగు దగ్గర వచ్చింది. బెల్లం, ఎండ కలిస్తే తాండ్ర నల్లబడి తీరుతుంది. మా సరుకులో సగం పైగా కొనేది బోడుప్పల్‌లో పచ్చళ్ళు, పిండివంటలు అమ్మే స్వరూప. ఈ ఏడు మామిడి దిగకముందే ఫోన్ చేసింది.

"అక్కా, నీది రుచి మంచిగుంటది గానీ రంగు జూసి ఎవ్వలు ముడ్తలేరు. వానలు వడ్డంక బూజు గూడ వస్తున్నది. వేరేటోళ్ళు ఏందో పౌడర్ కలుపుతున్నరు, బంగారం లెక్క ఉంటది, ఏడాదైనా ఏం గాదు. నువ్వు గూడ కలుపు. లేకుంటే నేను వేరే దిక్కు చూస్కోవాలె" అంది.

ఆ పొడి నాచారంలో దొరుకుతుందని తెలిసింది. నాచారం పక్కనే, చిల్కానగర్‌లో నా ఆడపడుచు రత్నం కాపురం. కలపాలా వద్దా అని ఇంట్లో కూచుని మథనపడే కంటే, ఆ పొడేదో చూసి, స్వరూపని చూసి, తేల్చుకుని రావడమే నయమనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కలపడానికే సిద్ధపడి బయల్దేరాను. ఆర్డరు పోతే చాపలు పరిచేవాళ్ళకి ఏం చెప్పను?

ఉప్పల్ రింగు రోడ్డు

తెల్లారేసరికి బస్సువాడు ఉప్పల్‌లో దింపాడు. నెత్తి మీద మెట్రో, దాని కింద మనుషులు నడవడానికి గుండ్రంగా ఇంకో వంతెన, దాని కింద బస్సులు, ఆటోలు. ఎటు చూసినా ఎవరో ఒకరు వరంగల్ వెళ్ళడానికో, వరంగల్ నుంచి రావడానికో హడావుడి పడుతూనే ఉన్నారు.

రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ, పైన కారప్పొడి, నలభై రూపాయలు. ఇడ్లీ దూదిలా ఉంది, వంక పెట్టడానికి లేదు. కానీ అల్లప్పచ్చడి ఏదయ్యా అంటే బండి అతను నన్ను వింతగా చూశాడు. మా వైపు అల్లప్పచ్చడి లేకుండా ఇడ్లీ పెడితే బండి మర్నాటికి ఉండదు.

ఆటో అతను "రా పెద్దమ్మా, కూసో" అన్నాడు. అతని జుట్టులో నాకంటే తెల్ల వెంట్రుకలు ఎక్కువున్నాయి. "నేను నీకు పెద్దమ్మనెలా అవుతాను, చెల్లెల్ని" అన్నాను. "సరే చెల్లె, నూటయాభై ఇయ్యి" అన్నాడు. వరస తగ్గింది గానీ రేటు తగ్గలేదు.

చిల్కానగర్

రత్నం నా పెనిమిటికి ఒక్కగానొక్క చెల్లెలు. భర్తకి నాచారం ఫ్యాక్టరీలో ఉద్యోగమని పెళ్ళయిన కొత్తలోనే ఇక్కడికి వచ్చేసింది. ఇప్పుడు దాని మాట సగం గోదావరి, సగం ఈ ఊరు. "వదినా, జర కూర్చో, టీ పెట్టుకొస్తాను" అంటుంది. "జర ఏవిటే, జ్వరమా?" అని ఏడిపిస్తే, "మీ ఊరోళ్ళతో ఇదే లొల్లి" అని నవ్వుతుంది. మీ ఊరట! పుట్టిల్లు అప్పుడే మా ఊరైపోయింది.

మధ్యాహ్నం పచ్చిపులుసు చేసింది. చింతపండు పులుసు మరిగించకుండా, ఉల్లిపాయ పిసికి, పచ్చిమిరపకాయలు కాల్చి వేసింది. మరగని పులుసు అన్నంలోకి ఏమిటని ముందు మొహం చిట్లించాను. రెండోసారి నేనే అడిగి పోయించుకున్నాను. ఆ ఎండకి అదే సరైన తిండి.

రత్నానికి ఆయాసం ఉంది. గొంతులోకి కొట్టుకునే మందు ఎప్పుడూ చేతి దూరంలో ఉంటుంది. నాచారం గాలి వల్లే వచ్చిందని వీధి వీధంతా నమ్ముతారు. పక్కింటి లక్ష్మక్క కూడా అదే మాట చెప్పి, "మీ తాండ్ర మస్తుంటదమ్మా, ఏడాదంత ఎదురుచూస్త" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. నేను తెచ్చిన పొట్లం అప్పుడే విప్పి రత్నానికో ముక్క ఇవ్వబోతే, "ఇప్పుడే అన్నం తిన్నాను వదినా" అని పొట్లం ఫ్రిజ్ మీద పెట్టేసింది.

బోడుప్పల్

సాయంత్రం రత్నాన్ని వెంటబెట్టుకుని స్వరూప దుకాణానికి వెళ్ళాను. నిన్నా మొన్నటిదాకా పొలాలున్న చోట అపార్టుమెంట్లు. వాటి కింద వరసగా కర్రీ పాయింట్లు, మందుల షాపులు. స్వరూప దుకాణం మీద "ఇంటి రుచులు, ఏ కెమికల్స్ కలపబడవు" అని పెద్ద బోర్డు. లోపల గాజు అలమరలో రెండు తాండ్రలు. నాది నల్లగా ఓ మూల ఉంది. ఇంకెవరిదో పసుప్పచ్చగా, పెళ్ళికూతురిలా ముందు వరసలో ఉంది.

నా కళ్ళ ముందే ఒకావిడ వచ్చి పసుప్పచ్చది తీసుకుంది. "కెమికల్ ఏం లేదు గదా?" అనడిగింది. "ఇంట్ల చేసిందేనమ్మా" అంది స్వరూప. ఆవిడ వెళ్ళేదాకా ఆగాను, అదే గొప్ప.

"అబద్ధం చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది?" అన్నాను.

"అబద్ధమేడుంది అక్కా? ఇంట్లనే చేసిన్రు, పౌడర్ గూడ ఇంట్లనే కలిపిన్రు" అని నవ్వింది. తర్వాత నవ్వు మానేసి, "నేనేం జెయ్యాలె చెప్పు. రంగు బంగారం లెక్కుండాలంటరు, ఏడాది ఉండాలంటరు, ఏం కలుపొద్దంటరు. మూడూ ఒక్క నోటితోని అడుగుతరు. నీ తాండ్ర పోయినేడు మిగిలింది అట్లనే బూజువట్టె. నష్టం నాకే గదా. రేపు నువ్వు జర పౌడర్ ఏసి ఒక ప్లేట్ల చేసి సూపెట్టు. రంగొస్తే ఆర్డరంత నీకే" అంది.

ఆవిడ మాటలో తప్పు పట్టలేకపోయాను. బూజు పట్టిన తాండ్ర తింటే మంచిదా ఏమిటి? రేపు చేసి చూపిస్తానని మాటిచ్చాను. దార్లో రత్నం తాండ్ర మాట వదిలేసి, రాత్రికి ఏం కూర వండమంటావని అడిగింది.

నాచారం

మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే నాచారం వెళ్ళాను. ఒక మలుపులో బిస్కెట్ల వాసన, ఇంకో మలుపులో గొంతు పట్టేసే మందుల వాసన. మా ఊళ్ళో వాసన బట్టి ఎవరింట్లో ఏం వండుతున్నారో చెప్పొచ్చు. ఇక్కడ వాసన బట్టి ఏ ఫ్యాక్టరీయో చెబుతారట.

కొట్టులో నేల మీద నుంచి కప్పు దాకా బస్తాలు, డబ్బాలు. కొట్టాయన జనగామ వైపు మనిషి, నోట్లో వక్కపొడి. "ఏం చేస్తరమ్మా? పచ్చళ్ళా, సాసా, బేకరీయా?" అన్నాడు. తాండ్ర అన్నాను.

"అయితే గంధకం జాతి పొడి గావాలె నీకు. పచ్చళ్ళకు వేరే, బ్రెడ్డుకు వేరే. ఎండకాలం మస్తు గిరాకీ. కెమికల్ లేదని బోర్డు వెట్టేటోళ్ళే మా దగ్గర ఎక్కువ కొంటరు" అన్నాడు, అందులో దాచాల్సిందేమీ లేనట్టు.

"తింటే ప్రమాదమా కాదా, అది చెప్పండి" అన్నాను.

"సర్కారు ఇంత వరకు వెయ్యొచ్చని హద్దు వెట్టింది. హద్దుల ఉంటే శానామందికి ఏం గాదు. కొందరికి పడది, ముఖ్యంగ దమ్ము ఉన్నోళ్ళకు. అందుకే వేసినమని ప్యాకెట్ మీద రాయాలె. నువ్వు పచ్చి గుజ్జుల ఏస్తవు, అది ఎండి గట్టివడ్తది. కొంత ఎండకు పోతది, కొంత లోపట ఉంటది. ఎంతున్నదో నాలుకకు తెల్వది, ల్యాబుల చూపియ్యాలె. తరాజు ఉన్నదా నీ దగ్గర?"

"నా చెయ్యే తరాజు. మా ఊరి పెళ్ళిళ్ళకి వందల మందికి ఉప్పు చేత్తోనే వేస్తాను, ఒక్కరు వంక పెట్టలేదు" అన్నాను.

"ఇది ఉప్పు గాదమ్మా" అని, కిలో గుజ్జుకి సరిపడేంత చిన్న పొట్లంగా తూచి విడిగా కట్టాడు. మిగతాది పెద్ద పొట్లం. వేడి మీద కలపొద్దని, మూతికి గుడ్డ కట్టుకోమని రెండుసార్లు చెప్పాడు. ఆయన దమ్మన్నది ఆయాసాన్నని నాకప్పటికి తెలీదు. అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే ఘాటు ఆ పొట్లంలోంచి వచ్చి నాకు తుమ్ములు మొదలయ్యాయి. ఇంత తెల్లగా, చక్కెరలా ఉన్నదానికి అంత ఘాటేమిటో అనుకుంటూ ఆటో ఎక్కాను.

రత్నం వంటింట్లో

ఉప్పల్‌లో కొన్న మామిడిపళ్ళు పైకి పండినట్టున్నా లోపల పులుపు. పులుపు విరగాలంటే మా అలవాటు ప్రకారం గుజ్జుని కాస్త పొయ్యి మీద పెట్టి బెల్లం కరిగిస్తాం. అలాగే చేశాను. రత్నం పక్కన నిలబడి గరిటె తిప్పుతోంది. గుజ్జు ఇంకా ఆవిర్లు కక్కుతుండగానే పొట్లం విప్పి వేసేశాను. చల్లారాక వెయ్యమన్నాడని గుర్తు లేక కాదు. ఎండ పోతుందన్న తొందర. పైగా, కొట్టువాడు నాకు వంట నేర్పేదేమిటన్న పొగరు.

పులుపూ వేడీ తగిలేసరికి గిన్నెలోంచి ఘాటు గుప్పున లేచింది. నాకు కళ్ళు మండాయి. రత్నం గరిటె వదిలేసి గోడ పట్టుకుంది. "వదినా, ఇదే... అప్పుడూ ఇదే వాసన" అంది. ఆ తర్వాత మాట లేదు. గొంతులోంచి పిల్లి కూతలు. మందు కొట్టుకుంది, తగ్గలేదు. మళ్ళీ కొట్టుకుంది. పెదాలు పాలిపోయాయి. నా అరుపు విని లక్ష్మక్క పరుగున వచ్చి స్టవ్వు కట్టేసి, కిటికీలు తెరిచి, ఆటో పిలిచింది. ఆ ఆటో అతను ఎంత అని చెప్పలేదు, నేను అడగలేదు.

దవాఖానా

ఇక్కడ ఆసుపత్రిని దవాఖానా అంటారు. మేం వెళ్ళింది వీధి మలుపులో ఉన్న చిన్న క్లినిక్కు. డాక్టరమ్మ రత్నం మొహానికి మాస్కు పెట్టి ఆవిరి మందు పట్టించింది. నేను బల్ల మీద కూచుని నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. దాని ఊపిరి నెమ్మదించి, మొహంలోకి రంగు వచ్చేదాకా నా ఊపిరి నాకు ఆడలేదు.

"ఏం వండిన్రు ఇంట్ల?" అంది డాక్టరమ్మ. చెప్పాను. పొట్లం చూపించాను. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా రత్నం వైపు తిరిగి, "ఇంతకు ముందు ఏమన్న తిన్నప్పుడు గిట్లయిందా?" అని అడిగింది.

రత్నం నా వైపు చూడకుండా చెప్పింది. "వచ్చిన కొత్తలో ఇంటి మీద బెంగపడి ఉప్పల్‌లో తాండ్ర కొనుక్కుని తిన్నానండి. ఇలాగే అయింది. అప్పటి డాక్టరు తాండ్ర మానెయ్యమన్నాడు. అప్పట్నుంచి ముట్టలేదు."

"ముట్టలేదా? మరి నేను ఏటా పంపేది ఏం చేస్తున్నావే?" అన్నాను.

"లక్ష్మక్కకు ఇస్తున్నాను."

"బ్రహ్మాండంగా ఉంది వదినా అని ఫోన్‌లో చెప్తావు కదా?"

"లక్ష్మక్క చెప్పిందే నీకు చెప్తాను. అమ్మ పోయాక కూడా నువ్వు మర్చిపోకుండా పంపుతుంటే, నాకొద్దు అని ఎట్లా చెప్పాలి వదినా?"

నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. రెండూ కలిసొస్తే నాకు కోపమే ముందు బయటికొస్తుంది. "నీ మొహమాటం తగలెయ్య" అని అందరి ముందూ కేకలేశాను. కేకలేస్తూనే దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తల్లి చేతి తిండి, దాని కోసమే పొట్లం కట్టి పంపితే, ఇన్నేళ్ళూ వాసన చూసి పక్కింటికి ఇచ్చేసింది. ఆ తాండ్రలో ఏ పొడీ లేదని నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పాలని తట్టలేదు, మాకు పొడంటేనే తెలీదు కదా.

డాక్టరమ్మ ఇద్దరికీ విడమరిచి చెప్పింది. ఇలాంటి పొళ్ళు అందరికీ విషం కాదట. ఆయాసం ఉన్నవాళ్ళలో కొందరికి మాత్రం వెంటనే ఊపిరి బిగిస్తుందట. పొట్లాల మీద చిన్న అక్షరాల్లో 220 నుంచి 228 దాకా ఏ అంకె ఉన్నా రత్నం దాన్ని ముట్టకూడదు. "మీకు తాండ్ర పడకపోవుడు గాదు, దాంట్ల కలిపిన పొడి పడకపోవుడు కావచ్చు. అయితే నేను గ్యారంటీ ఇయ్య. ఊపిరి మంచిగైనంక ఇంటి తాండ్ర తినాలనిపిస్తే ఇక్కడికొచ్చి నా ముంగట జరంత తినున్రి, ఇంట్ల మాత్రం వద్దు" అంది.

మళ్ళీ నాచారం, మళ్ళీ బోడుప్పల్

మర్నాడు రత్నం తేరుకుంది. నేను పెద్ద పొట్లం తీసుకెళ్ళి కొట్టాయన బల్ల మీద పెట్టేశాను. జరిగింది చెప్పాను. "వేడి మీద ఏసినవు గదా" అన్నాడు. వేశానన్నాను. "నీకు వద్దంటే సరే. నా ధంధా ఆగది, నీ ఒక్కదాంతోని అయ్యేది గాదు. కొలిచి వెయ్యాలె, వేసినమని చెప్పాలె, గంతే" అన్నాడు.

స్వరూప దుకాణంలో మాత్రం నేనే ముందు మాట్లాడాను. "నా తాండ్ర నల్లగానే ఉంటుంది. ఏడాది ఉండదు. వానలకి ముందే అమ్ముడైపోయేంత మాత్రమే పంపుతాను. కావాలా వద్దా?"

"ఏమైందక్కా, గంత గరమున్నవ్?" అంది. రత్నం సంగతి చెప్పాను. ఆవిడ మొహం మారింది. మొన్న ఇదే కౌంటరు ముందు నిలబడ్డ మనిషి కదా.

"పోయినేడు తీస్కున్న దాంట్ల సగమే తీస్కుంట. పసుపుది గూడ వెడ్త, అది లేకుంటే దుకాణం నడ్వది. అడిగినోళ్ళకు పౌడర్ ఉన్నదని చెప్త. రాసి మాత్రం వెట్ట" అంది.

"రాసి పెట్టకపోతే అడగనివాళ్ళ సంగతేమిటి?" అన్నాను. నేను బయటికొస్తుంటే ఆవిడ స్టూలు ఎక్కి నా నల్ల తాండ్రని మూల నుంచి ముందు వరసలోకి జరిపింది. సగం ఆర్డరు పోయింది. చాపలు పరిచేవాళ్ళకి మిగతా సగం పని నేనే చూడాలి, తాండ్ర కాకపోతే మామిడి ఒరుగులు పెట్టిస్తాను. దాని గురించి నాకు బెంగ లేదు, రెండు చేతులూ బాగానే ఉన్నాయి.

బస్సెక్కే రోజు

పొద్దున్నే ముగ్గురం క్లినిక్కుకి వెళ్ళాం. రత్నం భర్త డ్యూటీకి సెలవు పెట్టి, మందు చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గర కాపలా నిలబడ్డాడు. డాక్టరమ్మ ముందు నేను పొట్లం విప్పాను. గోరంత ముక్క కోసి రత్నం చేతిలో పెట్టాను.

నోట్లో వేసుకుంది. నమల్లేదు, చప్పరించింది. డాక్టరమ్మ దాని వీపు మీద గొట్టం పెట్టి వింటూ ఉంది. బల్ల మీద కూచున్న రోగులు తమ దగ్గులు ఆపుకుని మరీ చూశారు. డాక్టరమ్మ గొట్టం తీసి, "క్లియర్ ఉన్నది. ఇంక జరంత తినున్రి" అంది. ఇంకో ముక్క ఇచ్చాను. అదీ అయింది. డాక్టరమ్మ మళ్ళీ వింది. ఏమీ కాలేదు.

రత్నం కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. ఏటా ఫోన్‌లో అడిగే మాటే, ఈసారి ఎదురుగా కూచుని అడిగాను.

"ఎలా ఉందే?"

అది ఇంకాస్త చప్పరించి, ఆలోచించి చెప్పింది.

"పులుపు కాస్త ఎక్కువైంది వదినా. అమ్మ ఇంకొంచెం బెల్లం వేసేది."

నా తాండ్రకి వంక పెడితే ఊరుకునే మనిషిని కాను నేను. పొట్లమంతా దాని ఒళ్ళో పెట్టి, వచ్చే ఏడు బెల్లం ఎక్కువ వేస్తానన్నాను.